మొదటి ఐదు చాలన్నారు

కడపలో ఒక కంపెనీ ఆఫీసులో, గోడకు తగిలించిన పెద్ద తెర మీద, నేను ఒక ప్రోగ్రాం చదివాను. అందులో ఒక వరుస దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. దాన్ని తెలుగులో చెప్పాలంటే ఇంతే: "మనిషి ఎన్ని ఇష్టాలు చెప్పినా సరే, మొదటి ఐదు చూడు, మిగిలినవి వదిలెయ్." ఆ వరుస చదివినప్పుడు పుట్టిన రోత నాకింకా పోలేదు. ఎవరైనా దోచుకుంటే కోపం వస్తుంది, వాన రాకపోతే దిగులు వస్తుంది. ఇది ఆ రెండూ కాదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాక వెంట్రుక తగిలితే ముద్దంతా ఊసేస్తాం చూడండి, అది. ఆ వెంట్రుక ఎవరి కంచంలో పడిందో నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

ముసలాడికి ప్రోగ్రాంతో ఏం పని అంటారేమో. ఆ కంపెనీలోనూ అదే అన్నారు. నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకానే. ఆలూరులో రేడియోలు, టీవీలు బాగుచేసే అంగడి పెట్టుకుని బతికాను. ఒకసారి ఎవరో తెర పాడైందని ఒక కంప్యూటరు తెచ్చి నా అంగట్లో పడేసి, మళ్లీ దాని మొహం చూడలేదు. తెర బాగుచేశాను. బాగైన తెరతో ఏం చేయాలో తెలియలేదు. ఆదోనిలో రోడ్డు పక్కన పాత పుస్తకాలు అమ్మే చోట అట్ట చినిగిన ప్రోగ్రామింగ్ పుస్తకం దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. "లూప్" అనే మాటకు నిఘంటువులో ఉచ్చు అని ఉంది. అది ప్రోగ్రాంకు సరిపడే అర్థం కాదని పుస్తకం చెప్పింది గానీ, సరిగ్గా సరిపోతుందని నాకు కొన్నాళ్లకే తెలిసింది.

నేను సొంతంగా రాసిన మొదటి ప్రోగ్రాం నా అంగడి కోసమే. బాగు చేయడానికి వచ్చిన ప్రతి టీవీకి ఏయే జబ్బులున్నాయో అందులో ఎక్కించాను. ఏ రెండు టీవీలకు ఒకే జబ్బులున్నాయో తెలిస్తే, ఒకదానికి చేసిన వైద్యం రెండోదానికీ చేయొచ్చు గదా. ఎలా రాశానంటే, మొదటి టీవీ జబ్బు ఒకటి తీసుకో, రెండో టీవీ జబ్బులన్నిటి మీదా పైనుంచి కిందికి పరిగెత్తు. మళ్లీ రెండో జబ్బు తీసుకో, మళ్లీ పరిగెత్తు. రెండు టీవీలకైతే బాగానే ఉంది. అంగట్లోని టీవీలన్నిటినీ ఒకదానితో ఒకటి పోల్చమంటే ఆ పెట్టె ఎండాకాలం కుక్కలాగా రొప్పడం మొదలుపెట్టింది. నేను ఇంటికి పోయి, సంగటి తిని, కునుకు తీసి వచ్చినా అది ఇంకా రొప్పుతూనే ఉంది. ఉచ్చు అంటే అదీ.

అంతలో ఎవరో గిరాకీ వచ్చి ఏదో చిన్న భాగం అడిగారు. నేను లేచి బల్ల మీది బిస్కెట్ డబ్బా ఒకటి తీసి ఇచ్చాను. ఇచ్చాక అట్లాగే నిలబడిపోయాను. నా అంగట్లో భాగాలన్నీ రకానికొక డబ్బాలో ఉంటాయి. ఏదైనా కావాలంటే నేను అంగడి అంతా వెతకను, దాని డబ్బా మూత తీస్తాను. మరి ఆ పెట్టె చేత అంగడంతా ఎందుకు వెతికిస్తున్నాను? జబ్బుకొక డబ్బా పెట్టి, ఆ జబ్బు ఉన్న టీవీల పేర్లు అందులో వేస్తే సరి. ఒకే డబ్బాలో రెండు పేర్లు ఉంటే ఆ రెండింటికీ అది ఉమ్మడి జబ్బు. జాబితా ఎంత పొడుగున్నా పరుగు లేదు. అట్లా తిరగరాశాను. కాఫీ తాగేలోపల జవాబు వచ్చింది. పుస్తకంలో ఇదంతా వెనక ఒక అధ్యాయంలో ఉండింది, నేను అంతదాకా చదవలేదు, అంతే.

ఇది గొప్పకు చెప్పడం లేదు. జాబితాలు పొడుగ్గా ఉన్నాయి, అందుకని పూర్తిగా చూడలేకపోయాం అని ఎవరైనా అంటే నా ముందు చెల్లదని చెప్పడానికి చెబుతున్నాను.

అంగట్లో నేను నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. మా సీమలో మనిషి అసలు సంగతి చివర చెబుతాడు. టీవీ తెచ్చి బల్ల మీద పెట్టి, బొమ్మ ఊగుతోందంటాడు, శబ్దం గరగర అంటాడు, రంగు పచ్చగా వస్తుందంటాడు, వాన సంగతి మాట్లాడతాడు, నా మోకాలి నొప్పి అడుగుతాడు. మెట్లు దిగి, చెప్పులు వేసుకుని, వీధిలోకి రెండడుగులు వేసి వెనక్కి తిరుగుతాడు. "అన్నా, ఎల్లుండి మా పాపను చూసేకి వస్తాండారు. టీవీ ఇంట్లో ఉండల్ల." అందుకే వచ్చాడు. ముందే చెబితే అడుక్కున్నట్టు ఉంటుంది. మా వాళ్లకు అడగడం అంటే సిగ్గు. కాబట్టి సిగ్గుపడే మాటను చిన్నచిన్న మాటల వెనక దాచుకుని తెచ్చి, పోతూపోతూ పడేసి పోతారు. చెప్పులు వేసుకున్నాక వినడం తెలియనివాడు మా వైపు అంగడి నడపలేడు.

ఇప్పుడు ఆ కంచం ఎవరిదో చెబుతాను. నా అంగడి ఎదురుగా బండి మీద పండ్లు అమ్మిన ఆయన, ఇప్పుడు లేడు, నన్ను బావా అని పిలిచేవాడు. ఆయన కూతురికి అందుకని నేను మామను. ఆమెను కోసిగి దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. వానలు లేని ఏడు, అంటే దాదాపు ప్రతి ఏడూ, మొగుడూ పెళ్లాలు సుగ్గికి పోతారు. కోతల కాలంలో ఊరు విడిచి కూలికి పోవడాన్ని మా వైపు అట్లా అంటారు. గుంటూరు వైపు మిరప కోతలు. మేస్త్రీ ఒకడు గుంపు కడతాడు, టెంపోలో ఎక్కిస్తాడు, చేను పక్కనే గుడిసెలు వేసుకుని రెండు మూడు నెలలు ఉంటారు. వీళ్లకు ఆరేళ్ల ఆడబిడ్డ. ఆ బిడ్డకు ఫిట్స్ వస్తాయి. వచ్చినవి కొన్ని వాటంతట అవే ఆగుతాయి. కొన్ని ఆగవు, సూది వేయాల్సిందే. కిందటేడు చేలో అట్లా వస్తే, పిల్లను మోటారు సైకిలు మీద మధ్యలో పడుకోబెట్టుకుని ఆస్పత్రికి చేరేసరికి పెదవులు నల్లబడ్డాయట. ఊళ్లో వదిలి పోదామంటే చూసుకునే ముసలివాళ్లు లేరు.

ఈ ఏడు ఆ కడప కంపెనీ వచ్చింది. ఇంక మేస్త్రీల దయ మీద బతకక్కర్లేదు, ఎవరి ఇష్టాలు ఎవరితో కలుస్తాయో ఫోనే చూసి, ఒకే ఇష్టాలున్న కుటుంబాలను ఒకే గుంపులో వేస్తుంది, ఆ గుంపుకు తగిన చేను చూపిస్తుంది అన్నారు. ఆలోచన మంచిది. ఇప్పటికీ అంటాను, మంచిదే. ఆస్పత్రి దగ్గర ఉన్న చేను కావాలని ఒక్క కుటుంబం అడిగితే మేస్త్రీ వినడు. నాలుగు కుటుంబాలు కలిసి అడిగితే వింటాడు. ఆ నలుగురు ఒకరికొకరు తెలియాలి, అంతే కదా కావలసింది. కంపెనీ పంపిన ఒక అమ్మాయి పల్లెపల్లె తిరిగి, ఇంటింటి ముందూ కూర్చుని, ఎవరు ఏది చెబితే అది చెప్పిన వరుసలోనే ఎక్కించుకుంది. ఆ అమ్మాయి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

బయలుదేరడానికి వారం ముందు ఈ తల్లి ఆలూరుకు వచ్చి నా ముందు ఫోను పెట్టింది.

"మామా, దీంట్లో ఏం రాసిండారో రవంత చూడు."

చూశాను. అభినందనలు అట. మీ గుంపుతో మీ ఇష్టాలు నూటికి నూరు పాళ్లు కలిశాయట. కింద పూలగుత్తి బొమ్మ.

"అన్నీ కలిసినాయంటమ్మా. మంచిదే గదా."

"మంచిదే అనుకుంటి మామా. కంపెనీ పెట్టిన మేస్త్రీకి ఫోన్ చేస్తి. చేనుకాడికి ఆస్పత్రి ఎంత దూరం అని అడిగితి. నగినాడు. పొద్దున బస్సెక్కితే మద్యానానికి పోతావులే అనె." ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. "నేనే చెప్పలేదేమో మామా. ఆ కంపెనీ పాప అడిగితే నోటికొచ్చిందంతా చెప్పినా. నీళ్లు అంటి, రేకులు అంటి, జొన్నలు అంటి. ఈ మాట మరిసినట్టుండా. ఎట్లాంటి తల్లిని మామా నేను! జొన్నలు గుర్తుకొచ్చె, బిడ్డ గుర్తుకు రాలేదు."

ఫోనులో మూల నొక్కితే ఆమె చెప్పినవన్నీ వచ్చాయి. మా ఊరోళ్లతో ఉండాలి. తాగే నీళ్లు దగ్గర ఉండాలి. గుడిసెకు రేకులు కావాలి. జొన్నలు దొరకాలి. ఆడవాళ్లకు చాటు ఉండాలి. ఇట్లా ఇంకా కొన్ని. అన్నిటికన్నా కింద, ఆమె మాటల్లోనే ఉంది: పాపకు ఫిట్స్ వస్తాయి, ఆస్పత్రి దగ్గర ఉండల్ల.

"చెప్పినావమ్మా. ఇదో ఈడ ఉండాది, చూడు."

ఆమెకు చదువు రాదు. అక్షరాలను చూసింది, నా మొహాన్ని చూసింది. "ఊరికే ఓదార్చేకి అంటాండావు మామా. చెప్పింటే ఎందుకు ఇట్ల చేస్తారు?" అంది.

ఆ మాట కంపెనీవాళ్లనే అడుగుదామని మరుసటి రోజు కడప బస్సు ఎక్కాను.

ఆ కంపెనీ యజమానిది కమలాపురం వైపు తోటలున్న కుటుంబం. తండ్రి కాలంలో వ్యవసాయం, ఇతని కాలంలో కాంట్రాక్టులు, ఇప్పుడు ఫోనులో కూలివాళ్లు. అద్దాల ఆఫీసు. నన్ను ముందు ప్రోగ్రాం రాసిన ఇంజనీరు దగ్గర కూర్చోబెట్టారు. మర్యాద తెలిసిన మనిషే. నేను ఎవరో కూలివాళ్ల పెద్దనని అనుకున్నాడు.

"ప్రోగ్రాం చూపీ నాయనా" అన్నాను.

"పెద్దాయనా, అది కంప్యూటర్ భాష. నీకేం తెలుస్తాది?"

"నువ్వు చూపీ. తెలీకపోతే టీ తాగి పోతా."

నవ్వి, గోడ మీది తెరకు ఎక్కించాడు. నేను వేలు పెట్టి మెల్లగా చదువుకుంటూ పోయాను. ఒక్కో మనిషి ఇష్టాన్నీ ఇంకో మనిషి ఇష్టాలన్నిటి మీదా పరిగెత్తిస్తున్నాడు. నా పాత ఉచ్చే. దాని పైన ఆ వరుస, మొదటి ఐదు చాలని. నా వేలు ఎక్కడ ఆగిందో చూసి అతను నవ్వడం మానేశాడు.

"ముందర అన్నీ చూసేది పెద్దాయనా. శానామంది ఎక్కినాక తిరుగుతానే ఉండె, తిరుగుతానే ఉండె, జవాబు వచ్చేది కాదు. చూసేకి పైనుంచి పెద్దోళ్లు వస్తాండారని సార్ తొందర పెట్టె. ఐదు పెట్టు సాలు అనె. పెట్టినా. గాలి మాదిరి పోయె."

"పరుగు తగ్గించల్లంటే ఇష్టానికొక డబ్బా పెట్టచ్చు గదా. జాబితా ఎందుకు కోసినావు?"

"దాన్ని సెట్ అంటారు. నాకు తెలుసు పెద్దాయనా, అది గూడా రాసినా, పక్కన ఉండాది. అది రాసేలోపల వాళ్లు వచ్చి చూసిపోయిరి. బాగుంది అనిరి. నడిచేదాన్ని కదిలించొద్దు అనె సార్."

నాకు కంపరం పుట్టింది ఇక్కడ. తెలియక చేసి ఉంటే నేర్పి వచ్చేవాణ్ణి. తెలిసి, రాసి, పక్కన పెట్టుకున్నారు. వంట వండి, మూత పెట్టి, పంక్తిలో కూర్చున్నవాళ్లకు ఖాళీ ఆకులు వేసినట్టు.

"ఐదే ఎందుకు?" అన్నాను.

"ముఖ్యమైంది మనిషి ముందు చెప్తాడు గదా."

"నీది యా ఊరు?"

"కమలాపురం దగ్గర."

"మీ అమ్మ ఫోన్ చేస్తాది గదా. అసలు సంగతి ఎప్పుడు చెప్తాది?"

అతను తెర వైపు తిరిగి, "ఫోన్ పెట్టేస్తా నాయనా అన్నాక" అన్నాడు.

ఇంకేమీ అడగకుండానే పక్కన పెట్టిన ప్రోగ్రాం నడిపించాడు. రెప్ప వేసేంతసేపు కూడా పట్టలేదు. ఆస్పత్రి దగ్గర ఉండాలనే డబ్బా తెరిచి చూపించాడు, పేర్లకు మాత్రం చెయ్యి అడ్డం పెట్టి. కోసిగి నుంచి అదే రోజు బయలుదేరే వాళ్లలోనే, మా బిడ్డ తల్లి కాకుండా ఇంకో మూడు కుటుంబాలు. నలుగురినీ నాలుగు గుంపుల్లో వేశారు. ఆస్పత్రి ఉన్న ఊరికి ఆనుకుని ఒక చేను కూడా ఉంది. దానికి వెళ్లే గుంపులో ఆస్పత్రి అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

"పేర్లు చెప్పు. నేను పోయి కలుపుతా."

"చెప్పకూడదు పెద్దాయనా. ఒకరి వివరాలు ఇంకొకరికి ఇస్తే నా పని పోతాది."

ఆ నిబంధన మంచిదే, నేనేమీ అనలేదు. నాకు రోత పుట్టించింది ఏమిటంటే, ఆ ఆఫీసులో కూలివాళ్ల పట్ల పాటిస్తున్న మంచి అదొక్కటే కావడం. "గుంపులు మళ్లీ కలపాలంటే సార్ చెప్పల్ల" అని నన్ను యజమాని గదికి తీసుకుపోయాడు.

యజమాని నన్ను బాగా గౌరవించాడు. కుర్చీ జరిపించాడు, ఫ్యాను నా వైపు తిప్పించాడు. ఆఫీసు కుర్రవాణ్ణి పిలిచి, నీళ్లు అన్నాడు, రెండు టీలు అన్నాడు, బిస్కెట్లు అన్నాడు, ఆ ఉప్పు బిస్కెట్లు తేరా అన్నాడు, తలుపు దగ్గరికి వెయ్యమన్నాడు. వాడు గడప దాటుతుండగా, "రేయ్, నాకు చక్కెర లేకుండా" అన్నాడు. నేను విన్నాను, కానీ ఆ క్షణంలో నా బుర్రకు ఎక్కలేదు.

సంగతి అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"పెద్దాయనా, నువ్వు చెప్పేది కరెక్టే. కానీ మొదటి ఐదూ కలిసినాయి గదా? అందరికీ నూటికి నూరు వచ్చినాయి. ఇంక ఆరోది, ఏడోది అంటూ పోతే దానికి అంతు యాడుండాది? కూలికి పోయేటోళ్లకు అన్ని ఇష్టాలు యాడివి చెప్పు. అడిగినాం కాబట్టి చెప్పినారు. అడగకపోతే ఏమీ చెప్పకపోదురు."

"ఆ బిడ్డకు ఫిట్స్ వస్తే?"

"అట్ల రాకూడదు. దేవుడు ఉండాడు." టీ తాగాడు. "వచ్చే సీజన్‌కు మారుద్దాం. మావోడు రాసినాడంట గదా. తొందరేం లేదు."

నా టీ కూడా తాగాను. మంచి టీ. అది మంచి టీ కావడం కూడా నాకు అసహ్యంగానే అనిపించింది. తిడితే ఆ మనిషి నవ్వి, బస్టాండు దాకా కారు పంపేవాడు. ఆ కారు ఎక్కాల్సి వస్తుందేమోనని లేచి వచ్చేశాను.

బస్సు ఊరు దాటాక తట్టింది. చక్కెర! ఆ మనిషికి షుగరు. తనకు ప్రాణం మీదికి తెచ్చే మాటను తానూ చివరనే చెప్పాడు, మనిషి గడప దాటేటప్పుడు. ఆ కుర్రవాడు మొదటి ఐదు మాటలే విని పోయి ఉంటే? ఆ గదిలోనే మొహం మీద అనాల్సిన మాట నాకు ఊరు దాటాక గుర్తుకొచ్చింది. పక్క సీటాయన, "ఏమప్పా, నీలో నువ్వే తిట్టుకుంటాండావు?" అన్నాడు. "చక్కెర గురించిలే" అన్నాను. ఆయన ఇంకో సీటుకు మారాడు.

బయలుదేరే రోజు పొద్దున్నే కోసిగికి పోయాను. రైల్వే స్టేషన్ దగ్గర టెంపోలు వరుసగా నిలబడి ఉన్నాయి. మూటలు, వంట గిన్నెలు, కట్టెల పొయ్యికి ఇనుప చట్రాలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. ఒక్కో టెంపో దగ్గర ఒక్కో మేస్త్రీ ఫోను చూసి పేర్లు పిలుస్తున్నాడు. మా తల్లి తన టెంపో పక్కన మూట మీద కూర్చుని ఉంది, బిడ్డను ఒళ్లో వేసుకుని. ఆ బిడ్డ నన్ను చూసి నాలుక బయట పెట్టింది. నేనూ పెట్టాను.

ఎవరో తెలియని ముగ్గురు ఆ జనంలో ఉన్నారు. ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, మీరు ఏమేం చెప్పారని అడుగుతూ కూర్చుంటే టెంపోలు గుంటూరు చేరతాయి. అది మళ్లీ నా పాత ఉచ్చే. డబ్బా పేరు పిలవాలి, అంతే. ఒక టెంపో వెనక మెట్టు ఎక్కి నిలబడి, గట్టిగా అరిచాను.

"అమ్మా, అప్పా! ఇంట్లో ఎవురికన్నా ఒళ్లు బాగలేక, ఆస్పత్రి దగ్గర ఉండల్లని ఆ కంపెనీ పాపకు చెప్పినోళ్లు ఈడ ఎవురన్నా ఉండారా?"

అందరూ నా వైపు చూశారు.

"ఏం తాతా, ఓట్లు ఇంగా దూరం ఉండాయి" అని ఎవరో అంటే నవ్వులు లేచాయి. ఇంకొకడు, "మందులు అమ్మేకి వచ్చినట్టుండాడులే, మోకాళ్లకేమన్నా ఉండాదా తాతా?" అన్నాడు. ఇంకా నవ్వులు. నేను మళ్లీ అరిచాను. ఈసారి నవ్వులు కూడా లేవు. మూటలు ఎక్కించుకోవడంలో పడ్డారు.

నాకు సిగ్గేసింది. ఎవరు చెబుతారు? మేస్త్రీల ముందు ఇంట్లో జబ్బు ఉందని చేయి ఎత్తితే, ఈ పీడ మనకెందుకని దించేసి పోతారు. మా మనిషి నలుగురి ఎదుట నోరు తెరిచి అడగడని పుస్తకం రాసేంత తెలిసినవాణ్ణి, నడిరోడ్డు మీద అరిచి అడిగాను. మెట్టు దిగాను. మా తల్లి నా వైపు చూడకుండా బిడ్డ జుట్టు సర్దుతోంది.

డ్రైవర్లు ఇంజన్లు స్టార్టు చేశారు. పొగ కమ్మింది.

అప్పుడు ముందు టెంపోలోంచి ఒక ముసలామె తల బయట పెట్టింది. "యోవ్ అప్పా, ఇందాక ఏందో అడిగితివే. మా కోడలు కడుపుతో ఉండాది. నెలలు నిండినాయి."

"మరి అప్పుడే చెప్పచ్చు గదా అవ్వా!"

"చెప్తాండా గదప్పా ఇప్పుడు."

ఆమె దిగేలోగా రెండో టెంపో పక్కన ఒక మగమనిషి నా భుజం తట్టి, ఇంజను చప్పుడులో నా చెవి దగ్గరికి వంగి, తనకు టీబీ మాత్రలు నడుస్తున్నాయనీ, నెలనెలా ఆస్పత్రిలో తీసుకోవాలనీ చెప్పాడు. మూడో కుటుంబం చివరి టెంపో కదిలాక చెప్పింది. దాని వెనక పరిగెత్తి, చేత్తో చరిచి ఆపించాను. చెప్పులు వేసుకున్నాకే, బండి కదిలాకే. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆస్పత్రి ఊరి పక్క చేనుకు వెళ్లే మేస్త్రీ ఎవరో కనుక్కుని వాళ్లను అతని ముందు నిలబెట్టాను. అతను విసుక్కున్నాడు. "ఫోన్‌లో ఒక పేర్లు, ఈడ ఒక పేర్లు. కంపెనీకి నేనేం చెప్పల్ల?"

"నీకు కోసే చేతులు ఎన్ని కావల్ల?"

"ఎన్నుండాయో అన్నే కావల్ల."

"అన్నే ఉంటాయి. నీ గుంపులోంచి ఎవురన్నా నాలుగు కుటుంబాలు ఆ టెంపోల్లోకి మారితే సాలు."

అతను అరిచి అడిగాడు. తమ చుట్టాలు వేరే టెంపోల్లో పడ్డారని అప్పటికే గొణుగుతున్నవాళ్లు ఉన్నారు, వెంటనే దిగి మారారు. "నాకు తలకాయలు సరిపోతే సాలు పెద్దాయనా, యా తలకాయ అయితే నాకేమి" అన్నాడు మేస్త్రీ. దుర్మార్గమైన మాటే. అయినా కడప గదిలో విన్నదాని కంటే నయం, ఎందుకంటే ఇతను బండి ఆపాడు.

మా తల్లి మూట ఎక్కించుకుని, బిడ్డను పైనున్న మొగుడికి అందించి, తాను ఎక్కింది. ఆమె చేతిలో ఫోను కూసింది. నాకిచ్చింది. కంపెనీ నుంచి. మీరు మీ గుంపును వదిలినందున మీ నమ్మకం మార్కులు తగ్గించబడ్డాయి అట. కింద ఏడుపు మొహం బొమ్మ. ఆ ఫోనును నేల మీద వేసి తొక్కాలనిపించింది. ఆమె ఫోను, నాది కాదు.

"ఏమంటాండారు మామా?"

"నువ్వు మాట తప్పినావంట."

ఆమె నవ్వింది. ఆ వారంలో ఆమె నవ్వడం అదొక్కసారే చూశాను. తర్వాత నా మోకాళ్ల సంగతి అడిగింది. ఎండలో తిరగొద్దంది. వాళ్ల నాయన తిథికి రాలేనేమో అంది. మిరపకాయలు తెచ్చిస్తానంది. టెంపో కదిలింది. పది గజాలు పోయాక వెనక అడ్డకర్ర మీదికి వంగి, పొగలోంచి అరిచింది.

"మామా! నిజంగా నేను చెప్పింటినా? ఆ పొద్దు నేను చెప్పింటినా?"

"చెప్పినావమ్మా!" అని అరిచాను. ఇంజను చప్పుడుకు వినబడిందో లేదోనని ఆ ముసలి కాళ్లతోనే కొంతదూరం పరిగెత్తి మళ్లీ అరిచాను. "నువ్వు చెప్పినావు! వాళ్లే సూడలేదు!"

ఆమె చేయి ఎత్తింది. బిడ్డ నాలుక బయట పెట్టింది.